మంటను వినాలా, చూడాలా?

చెన్నైలో మా గదిలో గ్యాస్ స్టవ్ పెద్దగా పెడితే బుస్సుమంటుంది, సిమ్‌లో పెడితే మూగబోతుంది. ల్యాబ్‌లోనూ అదే గొడవ: అల్లకల్లోలంగా మండే మంటను మైకుతో వినాలా, కెమెరాతో చూడాలా?

మైకు చవక. వేడి తగలనంత దూరంలో నిలబెడితే చాలు. కానీ మంట ఎంత వేడి ఇస్తోందో అది చెప్పదు, ఆ వేడి విడుదల ఎంత త్వరగా మారుతోందో చెబుతుంది. అందుకే నిలకడగా మండేది పెద్ద మంటైనా అంతగా అరవదు. మీటరు దూరం రావడానికి శబ్దానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, దాన్ని లెక్కలో సర్దుకోవాలి. గోడల ప్రతిధ్వని, ఏసీ రొద అదనపు తలనొప్పి.

మంటలో ఏ మూల ఏం జరుగుతోందో మాత్రం కెమెరాకే తెలుసు. మంటలో పుట్టే సీహెచ్ (కార్బన్, హైడ్రోజన్ అణువుల జంట) వెలుగు, 431 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, నీలంగా కనిపిస్తుంది. 308 దగ్గరి ఓహెచ్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) వెలుగు కంటికి కనిపించని అతినీలలోహితం. మామూలు గాజు దాన్ని చాలావరకు మింగేస్తుంది, క్వార్ట్జ్ కావాలి. ఖర్చు సంగతి అడక్కండి.

1968లోనే హర్ల్ అనే పరిశోధకుడి బృందం ఈ రెండింటికీ ముడి వేసింది: ఇంధనం, గాలి ముందే కలిసిన మంటల్లో, వెలుగు మారే వేగానికి తగ్గట్టే శబ్దం వస్తుందని చూపింది. నేనైతే ముందు మైకే పెడతాను. మంట కూత మొదలెట్టాకే కెమెరా మూత తీస్తాను.