తిరాస్పోల్ ఒకరోజు యాత్ర: గుర్తింపు లేని దేశంలో పదకొండు గంటలు

మోల్డోవా రాజధాని కిషినావులో వైద్యవిద్య చదువుతున్న మా మేనల్లుడిని చూడటానికి గత అక్టోబరులో వెళ్లినప్పుడు, మోల్డోవా నుంచి విడిపోయిన ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతానికి అక్కడి ఒక చిన్న పర్యాటక సంస్థ నడిపే ఒకరోజు యాత్రకు ఇద్దరం వెళ్లాము. వ్యాను, గైడు, మధ్యాహ్న భోజనం కలిపి మనిషికి 60 యూరోలు తీసుకున్నారు. ఉదయం ఎనిమిదికి బయలుదేరి రాత్రి ఏడింటికి తిరిగి వచ్చాము. ఆ సంస్థ ప్రకటనలో 'సోవియట్ కాలంలోకి ప్రయాణం' అని రాసి ఉంది. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు, వెళ్లి వచ్చాక అసలే నచ్చలేదు. అధికార భవనం ముందు లెనిన్ విగ్రహం, జెండా మీద సుత్తీ కొడవలీ ఉన్నమాట నిజమే. అయితే 2015 జనగణన ప్రకారం నాలుగు లక్షల డెబ్బై వేలకు పైగా జనం బతుకుతున్న చోటును వస్తుప్రదర్శనశాలగా అమ్మడం న్యాయం కాదు. ఈ ప్రాంత రాజధాని తిరాస్పోల్‌లోనే పుట్టి పెరిగిన మా గైడు ఆ ప్రకటనను పక్కనపెట్టి, ఐక్యరాజ్యసమితి సభ్యదేశమేదీ గుర్తించని ఈ ప్రాంతం ముప్పై ఐదేళ్లుగా ఎలా నడుస్తోందో ఓపికగా వివరించారు. నేను ఇచ్చే మార్కులన్నీ ఆవిడకే.

సరిహద్దు దగ్గర మన పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు. ఎప్పటిలోగా తిరిగి వెళ్లాలో రాసిన చిన్న చీటీ చేతికిస్తారు. నీస్టర్ నది ఒడ్డున బెండెర్ కోటను తొందరగా చూపించి, అక్కడి వంతెన దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగారు. 1990 సెప్టెంబరు 2న మోల్డోవా నుంచి విడిపోతున్నట్లు ప్రకటించుకున్న ఈ ప్రాంతానికీ కిషినావు ప్రభుత్వానికీ మధ్య జరిగిన పోరులో, 1992 జూన్‌లో అత్యంత ఘోరమైన ఘట్టం ఈ పట్టణంలోనే నడిచింది. రష్యా 14వ సైన్యం జోక్యం చేసుకున్నాక ఆ జూలై 21న మాస్కోలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, మోల్డోవా అధ్యక్షుడు స్నేగూర్ కాల్పుల విరమణ మీద సంతకాలు చేశారు. ఆనాటి నుంచి యుద్ధం లేదు, శాంతి ఒప్పందమూ లేదు. రష్యా సైనికులు ఇంకా అక్కడే ఉన్నారు, కాని రష్యా కూడా దీన్ని దేశంగా గుర్తించలేదు. తిరాస్పోల్ ప్రధాన వీధిలో, జార్జియా నుంచి విడిపోయిన అబ్ఖాజియా, దక్షిణ ఒసేషియా జెండాలు ఎగిరే కార్యాలయాన్ని చూపిస్తూ, తమను గుర్తించినవారు కూడా తమలాంటివారేనని గైడు నెమ్మదిగా అన్నారు.

డబ్బు మార్చుకునే చోట మా మేనల్లుడు చాలాసేపు నిలబడిపోయాడు. 2014లో విడుదల చేసిన ప్లాస్టిక్ నాణేలు గుండ్రంగా, చతురస్రంగా, ఐదు మూలలతో, ఆరు మూలలతో ఉంటాయి. చేత్తో తడిమితేనే ఏది ఎంతో తెలుస్తుంది. ఈ ప్రాంతం దాటితే వాటికి విలువ లేదు. దుకాణాలు, పెట్రోలు బంకులు, చివరికి 2021లో రియల్ మాడ్రిడ్‌ను దాని సొంత మైదానంలోనే 2-1తో ఓడించిన ఫుట్‌బాల్ జట్టు కూడా షెరిఫ్ అనే ఒకే వ్యాపార సంస్థవి కావడం చూస్తే, ఇక్కడ ప్రభుత్వం ఎక్కడ ఆగుతుందో వ్యాపారం ఎక్కడ మొదలవుతుందో విడదీయడం కష్టం.

యాత్ర మొత్తంలో నన్ను పట్టి నిలిపింది గ్యాస్ కథ. దశాబ్దాలపాటు రష్యా గ్యాస్ ఇక్కడికి వచ్చేది. దాని బాకీ మోల్డోవా గ్యాస్ సంస్థ ఖాతాలో పేరుకుపోయేది. ప్రజలు కట్టే స్వల్ప బిల్లుల సొమ్ము స్థానిక ఖజానాకు చేరేది. అదే గ్యాస్‌తో ఇక్కడి కుచుర్గాన్ విద్యుత్ కేంద్రంలో తయారైన కరెంటును కుడిగట్టున ఉన్న మోల్డోవాయే కొనేది. అంటే శత్రువులుగా విడిపోయిన రెండు గట్లూ ఒకే తీగ మీద బతికాయి. 2025 జనవరి 1న ఉక్రెయిన్ మీదుగా గ్యాస్ రవాణా ఆగిపోయిన రోజున ఇళ్లలో వేడి, వేడినీళ్లు నిలిచిపోయాయి. విద్యుత్ కేంద్రాన్ని బొగ్గుతో నడిపినా రోజూ కోతలు తప్పలేదు. ఫిబ్రవరిలో యూరప్ మార్కెట్లో కొన్న గ్యాస్‌తో ఇళ్లు మళ్లీ వెచ్చబడ్డాయి గానీ, ఈలోగా మోల్డోవా రుమేనియా వైపు నుంచి కరెంటు తెచ్చుకోవడం నేర్చుకుంది. ఆ శీతాకాలం తల్లిని వంటగదిలో కట్టెల పొయ్యి పక్కన పడుకోబెట్టామని చెబుతున్నప్పుడు గైడు కళ్లు చెమర్చాయి. వ్యానులో ఎవరూ మాట్లాడలేదు.

ఈ ప్రాంతాన్ని నిలబెట్టింది సైన్యంకంటే ఎక్కువగా ఆ ఉచిత గ్యాసేనని నాకు నమ్మకం కుదిరింది. అజర్‌బైజాన్ నుంచి ఇలాగే విడిపోయిన ఆర్మేనియన్ల ప్రాంతం నాగోర్నో-కరాబాఖ్‌కు వేరే గతి పట్టింది: 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ దాడి ఒక్క రోజులో ముగిసింది, లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు ఇళ్లు వదిలిపోయారు, మరుసటి జనవరి 1న ఆ రాజ్యమే రద్దయింది. ఇక్కడ అలా జరగకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, జరగదనే ఆశ కూడా ఉంది. ఇక్కడివారిలో చాలామంది చేతిలో మోల్డోవా పాస్‌పోర్టు ఉంది. సరుకుల్లో ఎక్కువ భాగం యూరోపియన్ యూనియన్‌కే పోతోంది, అందుకు కంపెనీలు కిషినావులో నమోదు చేసుకోక తప్పదు. 2024 నుంచి మోల్డోవాకు సుంకాలూ కడుతున్నాయి. బహుశా ఈ విడిపోవడం తుపాకులతో కాక, ఒక్కో బిల్లుతో, ఒక్కో పత్రంతో నెమ్మదిగా కరిగిపోతుంది.

సంస్థ సరిదిద్దుకోవలసినవి రెండున్నాయి. బ్రాందీ దుకాణంలో గంటన్నర ఆపి, స్మారక స్థలంలో పది నిమిషాలే ఇచ్చారు. శాకాహారమని ముందే రాసి పంపినా భోజనంలో మాంసం ముక్కలున్న సూప్ పెట్టారు, అడిగాక మార్చారు. మనవాళ్లు వెళ్లేటట్లయితే, భారత్ ఈ ప్రాంతాన్ని గుర్తించలేదు కనుక అక్కడ ఏ ఇబ్బంది వచ్చినా మన రాయబార కార్యాలయం వెంటనే ఆదుకోగలదని అనుకోవద్దు. సైనిక తనిఖీ కేంద్రాలను ఫొటో తీయవద్దు. బ్యాంకు కార్డులను నమ్ముకోకుండా నగదు తీసుకెళ్లండి. మిగిలిన స్థానిక రూబుళ్లను తిరిగి బయలుదేరే ముందే మార్చుకోండి, సరిహద్దులో ఇచ్చిన చీటీని పాస్‌పోర్టులోనే ఉంచుకోండి. వెనక్కి వచ్చేటప్పుడు దాన్ని అడిగి తీసుకుంటారు.