పులి అని వెతికితే పిల్లి వచ్చింది: ఎస్‌క్యూలైట్‌తో ఆరేళ్లు

మా నాయనమ్మ సామెత లేకుండా మాట్లాడేది కాదు. ఆమె పోయాక నా చేతికి వచ్చినవి మూడు నోటు పుస్తకాలు. వాటిలో ఉన్నవాటిని, బంధువుల దగ్గర విన్నవాటిని ఒకచోట చేర్చాలని 2019లో మొదలుపెట్టాను. ఇప్పుడు 2,600 పైచిలుకు సామెతలు పోగయ్యాయి. ఈ ఆరేళ్లూ వాటిని దాచింది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్, అంటే సమాచారాన్ని పట్టికలుగా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. దానిమీద నాకు ప్రేమ ఉంది. ఒక విషయంలో మాత్రం ఇప్పటికీ తీరని బాధ ఉంది. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ బాధ గురించే.

ముందు స్ప్రెడ్‌షీట్ వాడాను. ఒకే సామెతను మా ఊళ్లో ఒకలా, అమ్మ పుట్టింటివైపు మరోలా చెబుతారు. ఒక్కో సామెతకు మూడు నాలుగు పాఠాంతరాలు, వాటిని చెప్పిన మనుషులు, సందర్భాలు. అన్నీ ఒకే వరుసలో ఇమడవు. తర్వాత ఒక ఆన్‌లైన్ సేవలో కొన్నాళ్లు పెట్టాను. చూడటానికి బాగుండేది. ఉచితంగా ఇచ్చే హద్దు దాటగానే నెలనెలా డబ్బు కట్టాల్సి వచ్చింది. నాయనమ్మ మాటలకు అద్దె కట్టడం నాకు నచ్చలేదు.

ఎస్‌క్యూలైట్‌ను ఎంచుకోవడానికి వేగం కారణం కాదు. డేటా అంతా ఒకే ఫైలులో ఉంటుంది. సర్వరు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాన్ని తయారుచేస్తున్నవాళ్లు 2050 దాకా నిర్వహించాలన్నది తమ ఉద్దేశమని ప్రకటించారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా డేటాను దాచడానికి సిఫారసు చేసే రూపాల్లో దీన్ని చేర్చింది. నా తర్వాత మా పిల్లలు తెరిచి చూడగలగాలి అనుకునేవాడికి ఇంతకంటే భరోసా ఏం కావాలి? పట్టికలు చూడటానికి, కొత్త సామెతలు చేర్చడానికి డీబీ బ్రౌజర్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకున్నాను. అందులో తెలుగు ఒత్తులు, గుణింతాలు చక్కగా కనిపిస్తాయి. మార్పులను రాయమని బటన్ నొక్కితేనే అవి ఫైలులోకి చేరతాయి. ఆ అలవాటు పడటానికి నాకు రెండు వారాలు పట్టింది.

సామెతలు వెయ్యి దాటాక వెతుకులాట కోసం ఎఫ్‌టీఎస్5 అనే సదుపాయాన్ని జోడించాను. పుస్తకం చివర పదసూచిక ఉన్నట్టు, ఇది ప్రతి మాటకూ ఒక సూచిక తయారుచేసుకుంటుంది. మాట ఇస్తే అది ఉన్న సామెతలన్నీ క్షణంలో తెచ్చి ముందు పెడుతుంది. ఏడాదికి పైగా వాడాను. అడిగిన సామెత ఎప్పుడూ జాబితాలో ఉండేది. దాంతో పాటు వేరేవి కూడా వస్తున్నాయని గమనించాను కానీ, వివరణలో ఎక్కడో ఆ మాట ఉండి ఉంటుందిలే అని ఊరుకున్నాను.

మా బాబాయి కూతురు బడిలో తెలుగు చెబుతుంది. జంతువుల సామెతలతో పిల్లలకు ఒక పాఠం తయారుచేస్తూ పులి సామెతలు పంపమని అడిగింది. వెతికాను, 143 వచ్చాయి. మన పూర్వులకు పులి అంటే ఇంత ఇష్టమా అని నేనే ఆశ్చర్యపోయి, చదవకుండానే ఆ ఫైలు పంపించాను. సాయంత్రం ఫోను చేసింది. “అన్నయ్యా, పులులు అన్నావు, ఇందులో ఎక్కువ పిల్లులే ఉన్నాయి. పాలు ఉన్నాయి, పొలం ఉంది. తప్పులు అన్న మాట ఉన్నవి కూడా వచ్చాయి. ఒకసారి చూడవూ?”

చూశాను. ‘పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు’ ఉంది, సరే. దాని కిందే ‘పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్లు’ ఉంది. అందులో పులి ఎక్కడ? కోడి అని వెతికాను. కూడు, కీడు, కాడి అన్నీ వచ్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాయనమ్మ చెప్పిన మాటలను ఎక్కడో నేనే తప్పుగా ఎక్కించి పాడుచేశానేమో అని భయం.

ఆ సూచికలో ఏయే మాటలు చేరాయో చూపించే ఒక ప్రత్యేక పట్టిక ఉంది. మర్నాడు దాన్ని తెరిచాను. అందులో మాటలు లేవు. క, డ, ప, ల, త, ర... ఇలా చాలావరకు విడి హల్లులే వరుసగా ఉన్నాయి. గుణింతం లేదు, ఒత్తు లేదు, సున్న లేదు. ఆ తెరను చూసినప్పుడు నాకు కలిగింది కోపం కాదు, దుఃఖం.

కారణం మాన్యువల్‌లో స్పష్టంగానే ఉంది, నేనే చదవలేదు. ఎఫ్‌టీఎస్5 మామూలుగా వాడే పద్ధతి పేరు యూనికోడ్61. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్‌లో ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. దాని దృష్టిలో అక్షరం, అంకె అయినవాటినే ఈ పద్ధతి మాటలో భాగంగా లెక్కిస్తుంది. మిగతావన్నీ కామా, ఖాళీ జాగా లాగే మాటను తెంచే గుర్తులు. మన అచ్చులు, హల్లులు యూనికోడ్‌లో అక్షరాలే. గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు, సున్న మాత్రం అక్షరాలు కావు, అక్షరానికి తగిలించే ‘మార్కులు’. కాబట్టి ‘పులి’లో కొమ్ము దగ్గర మాట తెగింది, గుడి దగ్గర మళ్లీ తెగింది. మిగిలినవి ప, ల. ‘పాలు’లోనూ ప, ల. ‘పిల్లి’లో ప, ల, ల. దానికి ఇవన్నీ ఒకటే. అచ్చు కూడా హల్లులాగే విడిగా నిలబడే లిపులను మనసులో పెట్టుకుని చేసిన నియమం అది. మన లిపిలో అచ్చు హల్లును అంటిపెట్టుకుని ఉంటుంది. గుణింతాన్ని కామాతో సమానంగా చూస్తే తెలుగులో మాట అన్నదే మిగలదు.

దీనికి మందు కూడా అక్కడే ఉంది. ఏయే వర్గాల గుర్తులను మాటలో కలుపుకోవాలో సూచిక తయారుచేసేటప్పుడే చెప్పవచ్చు. మార్కుల వర్గం పేరు ‘ఎంఎన్’ అని చదివి, దాన్ని చేర్చి, సూచికను మళ్లీ కట్టాను. పులి నుంచి పిల్లి విడిపోయింది. కోడి కోడిగా వచ్చింది. సంతోషంగా చెల్లెలికి చెప్పాను. వారం తిరగకముందే పంట అని వెతికితే పూట వచ్చింది, పుట కూడా వచ్చింది. తెలుగు గుణింతాలన్నీ యూనికోడ్‌లో ఒకే వర్గంలో లేవు. దీర్ఘం, గుడి, ఏత్వం, ఓత్వం, పొల్లు ఒక వర్గం. కొమ్ములు, సున్న, విసర్గ ఇంకో వర్గం, దాని పేరు ‘ఎంసీ’. రెండూ చేర్చాలి. తెలుగు డేటాకు ఎఫ్‌టీఎస్5 పెట్టుకునేవారు మొదటి రోజే ఈ రెండు వర్గాలూ చేర్చుకోండి. నేను ఇన్ని మాటలు రాస్తున్నది ఈ ఒక్క వాక్యం కోసమే.

అప్పటికీ పని పూర్తికాలేదు. మాట మొత్తం కలిస్తేనే దొరుకుతుంది కాబట్టి పులి అంటే ‘పులిని’, ‘పులికి’ రావు. చివర నక్షత్రం గుర్తు పెడితే అవి వస్తాయి. ‘పెద్దపులి’ మాత్రం అప్పుడూ రాదు. 2020 చివర్లో వచ్చిన ట్రైగ్రామ్ పద్ధతి మాటలను చూడదు, వరుసగా మూడేసి గుర్తులను చూస్తుంది. విభక్తులు మాటకు అతుక్కునే మన భాషకు అదే బాగా నప్పింది. పెద్దపులి దొరికింది. అయితే మూడు గుర్తులకంటే చిన్న మాటలను అది పట్టించుకోదు. ‘ఊరు’కు మూడు గుర్తులు (ఊ, ర, కొమ్ము), దొరుకుతుంది. ‘తల’కు రెండే, దొరకదు.

ఇంత తిప్పలు పడ్డాక తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. ఎస్‌క్యూలైట్‌లో మొదటి నుంచీ ఉన్న ‘లైక్’ అనే మామూలు పోలిక గుణింతాలను ఎప్పుడూ తెంచలేదు. సూచిక లేకుండా ప్రతి సామెతనూ మొదటి నుంచి చివరిదాకా చూసుకుంటూ పోతుంది. 2,600 సామెతలకు అది రెప్పపాటు కాలం కూడా కాదు. నా అంత చిన్న సేకరణకు ఎఫ్‌టీఎస్5 అక్కర్లేదని ఇప్పుడు అనిపిస్తోంది. పేజీలకు పేజీలు వ్యాసాలు దాచేవారి సంగతి వేరు.

ఒకే ఫైలు అని పైన మెచ్చుకున్నాను. అది నిజమే కానీ, ఎక్కడో చదివి నేను ‘వాల్’ అనే పద్ధతికి మార్చుకున్నాను. అందులో కొత్త మార్పులు ముందు పక్కనున్న ఇంకో ఫైలులోకి వెళ్తాయి. ప్రోగ్రామ్ తెరిచి ఉండగానే అసలు ఫైలును మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే, ఆ రోజు చేర్చిన 30 సామెతలు అందులో లేవు. ఇంట్లో కంప్యూటర్‌లో భద్రంగానే ఉన్నాయి కాబట్టి నష్టం జరగలేదు. అప్పటినుంచి ‘వాక్యూమ్ ఇంటూ’ ఆదేశంతోనే నకలు తీస్తున్నాను. అకారాది క్రమం కూడా బడిలో నేర్చుకున్న వరుసలో రాదు. ళ వెళ్లి ల పక్కన కూర్చుంటుంది. దానికి అలవాటుపడ్డాను.

నేను ఒక్కడినే ఒకే కంప్యూటర్‌లో వాడుతున్నాను, ఆదేశాలు రాయడం కొంత వచ్చు. నలుగురు నాలుగు ఫోన్ల నుంచి చేర్చాల్సిన సేకరణైతే దీన్ని ఇంతే ధైర్యంగా ఎంచుకునేవాణ్ని కాదేమో. నా పరిస్థితిలో మాత్రం దీన్ని వదిలే ఆలోచన లేదు.

చెల్లెలు మొన్న ‘తల’ సామెతలు అడిగింది. ‘లైక్’తో వెతికితే తలుపు, తలంబ్రాలు ఉన్నవి కూడా వచ్చాయి. ఈసారి ఒక్కొక్కటీ చదివి, అవి తీసేసి పంపాను. ఆ పులుల జాబితా కూడా సరిచేశాను. మొత్తం 19.