ఓవర్ ది క్యాప్: ఎన్‌ఎఫ్‌ఎల్ జీతాల అసలు లెక్క తెలియాలంటే

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒప్పందం విలువ వేరు, ఆటగాడి చేతికొచ్చే డబ్బు వేరు, జట్టు శాలరీ క్యాప్‌లో (ఏడాదికి జీతాల మీద పెట్టిన గరిష్ఠ పరిమితిలో) పడే అంకె వేరు. వార్తల్లో కనిపించేది మొదటిదే. ఆటగాళ్ల సంఘం, యజమానులు కొట్లాడుకునేది మాత్రం మిగతా రెండింటి గురించి. ఆ రెండూ విడివిడిగా చూడాలంటే ఓవర్ ది క్యాప్ సైటే తెరవాలి. జేసన్ ఫిట్జెరాల్డ్ మొదలుపెట్టిన ఈ సైట్ ఎన్‌ఎఫ్‌ఎల్ లెక్కలకే కట్టుబడి ఉంటుంది. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ కూడా ఒకేచోట కావాలంటే స్పాట్రాక్ ఉంది. ఒక్క ఫుట్‌బాల్ చాలనుకుంటే మాత్రం ఇదే మెరుగు.

రసెల్ విల్సన్ అనే ఆటగాడి ఉదాహరణ చూడండి. 2022లో డెన్వర్ జట్టు అతని ఒప్పందాన్ని మరో ఐదేళ్లు, 24.5 కోట్ల డాలర్లకు పొడిగించింది. ఆ పొడిగింపులో ఒక్క సీజన్ కూడా ఆడించకుండానే 2024 మార్చిలో వదిలేసింది. అప్పుడు జట్టు నెత్తిన పడిన డెడ్ మనీ, అంటే ఆటగాడు వెళ్లిపోయినా క్యాప్‌లో పడే డబ్బు, 8.5 కోట్లు. ఈ అంకె ఎలా వచ్చింది? సంతకం చేసినందుకు ఇచ్చే సైనింగ్ బోనస్ 5 కోట్లు. క్యాప్ లెక్కలో దాన్ని ఐదేళ్లకు పంచితే ఏడాదికి కోటి, అందులో మూడేళ్ల వాటా మిగిలింది: 3 కోట్లు. 2023లో ఇచ్చి, అలాగే ఐదేళ్లకు పంచిన 2 కోట్ల ఆప్షన్ బోనస్‌లో మిగిలింది 1.6 కోట్లు. 2024కి హామీ ఇచ్చేసిన జీతం 3.9 కోట్లు. కలిపితే 8.5. జూన్ 1 తర్వాతి తొలగింపుగా చూపించారు (అలా చూపిస్తే తర్వాతి ఏళ్ల బోనస్ వాటా వచ్చే ఏడాదికి పోతుంది) కాబట్టి 5.3 కోట్లు 2024లో, 3.2 కోట్లు 2025లో పడ్డాయి. 2024లో అతన్ని తీసుకున్న పిట్స్‌బర్గ్ జట్టు విల్సన్‌కి ఇచ్చింది 12.1 లక్షలే, మిగతా హామీ జీతం డెన్వరే కట్టింది. వార్తల శీర్షికల్లోని 24.5 కోట్లలో ఇదంతా ఎక్కడా కనపడదు.

సైట్‌లో అన్నిటికన్నా పనికొచ్చేది క్యాలిక్యులేటర్. జట్టును ఎంచుకుని ఒక్కో ఆటగాడిని తీసేయొచ్చు, ట్రేడ్ చేయొచ్చు, ఒప్పందం రీస్ట్రక్చర్ చేయొచ్చు. రీస్ట్రక్చర్ అంటే మూల జీతాన్ని బోనస్‌గా మార్చి ముందుకు తోసేయడం. ఇంకా నాలుగేళ్లు ఉన్న ఆటగాడి జీతంలో 1.2 కోట్లు మారిస్తే ఏడాదికి 30 లక్షలే పడుతుంది, ఈ ఏడాది 90 లక్షలు మిగులుతాయి. మొత్తం జీతాన్ని మార్చడం కుదరదు, అనుభవాన్ని బట్టి కనీస వేతనం వదిలిపెట్టాలి. 2025లో ఏడేళ్లు పైబడినవారికి అది 12.55 లక్షలు. మిగిలిన 90 లక్షలూ లాభం కాదు, వచ్చే మూడేళ్లలో కట్టాల్సిన అప్పు. బటన్ నొక్కి సంబరపడేముందు తర్వాతి సంవత్సరాల గడులు కూడా చూడండి.

కొత్తవాళ్లు బోల్తాపడేది రెండుచోట్ల. జూన్ 1 తొలగింపుగా మార్చిలో ప్రకటించినా ఆ ఆటగాడి పూర్తి అంకె జూన్ దాకా పుస్తకాల్లోనే ఉంటుంది. కాబట్టి ఆ డబ్బుతో మార్చిలో ఫ్రీ ఏజెంట్‌ని (ఏ జట్టుతోనూ ఒప్పందం లేని ఆటగాడిని) కొనలేరు. పైగా అలా ముందే ప్రకటించే వెసులుబాటు జట్టుకు ఏడాదికి ఇద్దరి వరకే. రెండోది టాప్ 51 నియమం: సీజన్ మొదలయ్యేదాకా పెద్ద అంకెలున్న 51 మందినే లెక్కిస్తారు. ఒకరిని తీసేస్తే 52వ వాడు లెక్కలోకి వస్తాడు, అందుకే అనుకున్నంత మిగలదు. జట్ల పట్టికలో క్యాప్ స్పేస్ పక్కనే ఎఫెక్టివ్ క్యాప్ స్పేస్ అని మరో గడి ఉంటుంది. 51 మందిని నింపి, డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) వచ్చేవాళ్లకి ఇచ్చాక మిగిలేది అదే. నమ్మాల్సింది దాన్నే.

పాత ఒప్పందాల అంకెలు పక్కపక్కన పెడితే కార్మిక చరిత్ర తెలుస్తుంది. 2010 డ్రాఫ్ట్‌లో మొదటివాడు సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 7.8 కోట్లు, అందులో 5 కోట్లు హామీ. 2011 లాకౌట్ (యజమానులు ఆటగాళ్లను బయటే ఉంచిన కాలం) తర్వాత మొదటివాడు కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు దాదాపు 2.2 కోట్లు. మధ్యలో వచ్చింది రూకీల, అంటే లీగ్‌లో కొత్తగా చేరేవాళ్ల, జీతాల నియంత్రణ. సంఘం, యజమానుల ఆ బేరంలో బలైంది ఇంకా లీగ్‌లోకి అడుగే పెట్టనివాళ్లు, సంఘంలో ఓటు లేనివాళ్లు. ఇది అన్యాయమే. సంఘం, యజమానుల మధ్య 2020 ఒప్పందం ఆటగాళ్ల 1,019–959 ఓట్లతో గట్టెక్కింది. సీజన్‌లో 17వ మ్యాచ్‌కి దారి తెరిచింది అదే, అది 2030 సీజన్ దాకా నడుస్తుంది.

సైట్‌లో లోటు లేకపోలేదు. ఒక అంకె వెనకున్న నియమం తెలియని వాళ్లకి పట్టికలు గజిబిజిగా ఉంటాయి. ప్రోత్సాహక బోనస్‌లైతే మరీ: కిందటేడు సాధించిన లక్ష్యమైతే ఈ ఏడాది క్యాప్‌లోనే పడుతుంది, సాధించనిదైతే ఈసారి సాధించాక వచ్చే ఏడాదికి పోతుంది. ఈ తేడా తెలియకుండా మొత్తం కూడితే తప్పొస్తుంది. ఇవి లీగ్ అధికారిక లెక్కలూ కావు. జట్టు మొత్తం మీద అనుమానమొస్తే ఆటగాళ్ల సంఘం బహిరంగంగా పెట్టే క్యాప్ నివేదికతో పోల్చండి. కొత్త ఒప్పందమైతే పూర్తి వివరాలు బయటికొచ్చేదాకా, కనీసం కొన్ని రోజులు ఆగి చూడండి.