చిన్న అలలకు పొట్టి బోర్డు: సూర్యలంక నీళ్లలో నా మినీ సిమ్మన్స్

మన సూర్యలంక అలల కోసం 6 అడుగుల మొనదేలిన సన్న సర్ఫ్ బోర్డు కొనకండి. వీడియోల్లో హవాయి, ఇండొనేషియా అలల మీద దూసుకుపోయే బోర్డులు చూసి మన కుర్రవాళ్లు సరిగ్గా అలాంటిదే తెప్పించుకుంటున్నారు. దాని మీద బోర్లా పడుకుని భుజాలు పీకేదాకా బారలు వేసినా, అల వాళ్ల కింద నుంచి నెమ్మదిగా జారుకుని ఒడ్డుకు వెళ్లిపోతుంది. సర్ఫింగ్ మన వల్ల కాదని బోర్డును అటక మీద పెట్టేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధ. ఆ బోర్డు మనిషెత్తు కెరటాల కోసం గీసిన బోర్డు. మనకు వచ్చేవి మోకాలి నుంచి నడుము దాకా.

నేను విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలకు ఫైబర్ గ్లాస్ పని చేస్తాను. రెజిన్, మ్యాట్, జెల్‌కోట్ రోజూ చేతుల్లో మెదిలేవే కాబట్టి బోర్డు చేతికి రాగానే రంగు కంటే ముందు అంచులు, అతుకులు చూస్తాను. ఇప్పుడు నేను వాడుతున్నది మినీ సిమ్మన్స్ రకం బోర్డు. చెన్నై దగ్గర కోవళంలో ఉండే ఒక మిత్రుడి దగ్గర 22 వేలకు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పొడవు 5 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 22 అంగుళాలు, మందం 2¾ అంగుళాలు. ఘనపరిమాణం సుమారు 38 లీటర్లు. నా బరువు 70 కిలోలు. లోపల థర్మాకోల్ దిమ్మ, పైన ఎపాక్సీ అనే రెజిన్‌తో అంటించిన గ్లాస్ గుడ్డ. ముక్కు మొన లేకుండా గుండ్రంగా ఉంటుంది, రెండు పక్కలూ దాదాపు సమాంతరంగా వెనక్కి వచ్చి వెడల్పాటి తోక దగ్గర ఆగిపోతాయి. చూడటానికి అచ్చం వంటింటి పీట. అడుగున తోక దగ్గర రెండు అంచులకూ ఆనుకుని రెండు ఫిన్‌లు, అంటే చేప రెక్కల్లాంటి పలకలు ఉన్నాయి. ఎత్తు తక్కువ, పొడవు ఎక్కువ. ప్లైవుడ్‌తో చేసి బోర్డుకే అంటించేశారు. మధ్య ఫిన్ లేదు.

ఈ ఆకారం ఎందుకు పనిచేస్తుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. కెరటం తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతున్న చోట విరుగుతుంది. లోతు తక్కువైన నీటిలో దాని వేగం ఆ లోతును బట్టే ఉంటుంది: లోతును మీటర్లలో తీసుకుని 9.8తో గుణించి వర్గమూలం కడితే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. 60 సెంటీమీటర్ల అలకు లోతు 80 సెంటీమీటర్లు అనుకుంటే వేగం సెకనుకు 2.8 మీటర్లు, అంటే గంటకు 10 కిలోమీటర్లు. 2 మీటర్ల కెరటమైతే 18 కిలోమీటర్లు. నీరు బోర్డును పైకి తోసే బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. మనకు అల ఇచ్చే వేగం తక్కువ కాబట్టి ఆ లోటును బోర్డు వైశాల్యం పూడ్చాలి. అందులోనూ పొడవు కంటే వెడల్పు ఎక్కువ పని చేస్తుంది. ఇక ముక్కు, తోక పైకి వంగి ఉండే బోర్డు నిటారు కెరటం మీద దిగడానికి బాగుంటుంది గానీ, చదును నీటిలో ఆ వంపే నీటిని ముందుకు నెట్టుకుంటూ వేగాన్ని తినేస్తుంది. నా బోర్డుకు వంపు దాదాపు లేదు. పక్క నుంచి చూస్తే ముక్కు దగ్గర మాత్రమే కాస్త పైకి వంపు కనిపిస్తుంది.

ఈ ఆలోచనకు మూలపురుషుడు కాలిఫోర్నియాకు చెందిన బాబ్ సిమ్మన్స్. అక్కడి కాల్టెక్ అనే సాంకేతిక విద్యాసంస్థలో ఇంజనీరింగ్ చదివిన మనిషి. నీటి మీద తేలి జారే పడవల సూత్రాన్ని 1940లలోనే సర్ఫ్ బోర్డులకు పట్టించి, వెడల్పు తోక, జంట ఫిన్‌లతో బోర్డులు చేశాడు. ఫైబర్ గ్లాస్‌ను బోర్డులకు వాడిన తొలి తరం వారిలో ఆయన ఒకడు కావడం వల్ల నాకు ఆయన మీద ప్రత్యేకమైన గౌరవం. 1954లో శాన్ డియేగోలో సర్ఫింగ్ చేస్తూనే చనిపోయాడు. అర్ధ శతాబ్దం తరువాత అదే ఊరి సర్ఫర్లు ఆయన పొడవాటి బోర్డుల రూపురేఖలను పొట్టి బోర్డుకు కుదించారు. మినీ సిమ్మన్స్ అన్న పేరు అలా వచ్చింది.

సూర్యలంకలో వలలు ఆరబెట్టుకునే ఒక పెద్దాయన మొదటిసారి దీన్ని చూసి "ముక్కు కోసేశారేమిటి బాబూ?" అని అడిగాడు. బోర్డును తిరగేసి చూపించాను. ఆయన అడుగుభాగం మీద అరచేత్తో నిమురుతూ వెనక్కి వచ్చి, తోక దగ్గర వేలు ఆపాడు. అక్కడ అంచు గుండ్రంగా లేదు, కత్తిరించినట్టు పదునుగా ఉంది. "నీళ్లు ఇక్కడ తెగిపోతాయి, తోకను పట్టుకుని లాగవు. మా ఫైబర్ బోటు వెనక కూడా ఇంతే కదా" అన్నాడు. "అవును బాబాయ్, అదే" అన్నాను. ఎన్నో వ్యాసాలు చదివితే గానీ నాకు అందని విషయం అది. సెకండ్ హ్యాండ్ బోర్డు కొనేటప్పుడు మీరూ ముందు అక్కడే వేలు పెట్టి చూడండి. మరమ్మతుల్లో సానపట్టి ఆ అంచును గుండ్రం చేసేసిన బోర్డు చాలా వేగం పోగొట్టుకుంటుంది.

నీళ్లలో ఎలా ఉంటుందో చెబుతాను. పడుకోగానే తేలుతుంది, ఛాతీ కింద నీరు చేరదు. గట్టిగా నాలుగు బారలు వేస్తే చాలు, అల ఇంకా విరగక ముందే, వీపు ఎత్తుతుండగానే బోర్డు జారడం మొదలుపెడుతుంది. ఆ క్షణంలో తొందరపడి ఒడ్డు వైపు నేరుగా లేవకూడదు. వంపు లేని ముక్కు కాబట్టి నిటారు అల మీద నేరుగా దిగితే నీళ్లలో గుచ్చుకుంటుంది. బారలు వేస్తున్నప్పుడే ముక్కును అల సాగే వైపు కొద్దిగా తిప్పి, ఆ ఏటవాలులోనే లేవాలి. లేచాక ముందు కాలు బోర్డు నడుమకు దగ్గరగా పెట్టి ఊరుకోండి. ఏమీ చేయనక్కరలేదు, బోర్డు తనంతట తానే పరుగు అందుకుంటుంది. విరిగి తెల్లబారి నీరసించిన అల మీద, మామూలు బోర్డు మునిగిపోయే చోట కూడా ఇది ఆగకుండా దాటుకుని లోపలి ఇసుక గట్టు మీద మళ్లీ లేచే అలను పట్టుకుంటుంది. సూర్యలంకలో తీరం మెల్లగా వాలుతుంది, ఒకే అల రెండుసార్లు లేవడం తరచుగా కనిపిస్తుంది. ఆ రెండింటినీ కలిపి ఒకే పరుగుగా తీయగలగడమే ఈ బోర్డు నాకు ఇచ్చిన అతి పెద్ద ఆనందం.

మలుపు తిప్పాలంటే వెనక కాలు ఫిన్‌ల మీదకు జరగాలి. అక్కడ నిలబడి నొక్కితే పెద్ద వంపు తీసుకుంటూ తిరుగుతుంది. 22 అంగుళాల వెడల్పును ఒక అంచు నుంచి మరో అంచుకు వాల్చడానికి సమయం పడుతుంది, కాబట్టి టక్కున తిరిగే మలుపులు, అల నుదుటి మీద కొట్టి వెనక్కి రావడాలు దీని వల్ల కావు. మిత్రుడి ఫిష్ బోర్డుతో పోల్చి చూశాను. వానకోయిల తోకలా చీలిన వెనక భాగం, రెండు ఫిన్‌లు ఉండే ఆ ఆకారాన్ని 1967లో శాన్ డియేగోలోనే స్టీవ్ లిస్ మోకాళ్ల మీద సర్ఫింగ్ చేయడానికి రూపొందించాడు. ఫిష్ మలుపుల్లో చురుకు, నడుమెత్తు అలల్లో నాకు దానిదే పైచేయిగా అనిపించింది. మోకాలెత్తు అలల్లో మాత్రం మినీ సిమ్మన్స్ కదులుతుంది, ఫిష్ తడబడుతుంది. ఛాతీ ఎత్తు దాటిన రోజున రెండింటిలో ఫిష్ తీసుకోండి. మినీ సిమ్మన్స్ వెడల్పు తోకను అల పైకి ఎత్తేస్తుంది, అంచు నీటిని వదిలేస్తుంది, అదుపు తప్పుతుంది.

విజయవాడలో ఉండే మనకు పొట్టి బోర్డుతో ఇంకో మేలు ఉంది. సముద్రం మనకు గుమ్మంలో లేదు. బాపట్లకు రైల్లో సుమారు 75 కిలోమీటర్లు, అక్కడి నుంచి సూర్యలంక ఆటోలో 9 కిలోమీటర్లు. ఈ బోర్డు చిన్న కారులో ముందు సీటు వాల్చితే పడుతుంది, ఆటోలో నిలువుగా పట్టుకోవచ్చు. చెన్నై నుంచి రైల్లో పై బెర్తు మీద పెట్టుకునే తెచ్చాను. మచిలీపట్నం దగ్గర మంగినపూడికి కూడా తీసుకెళ్లాను. అక్కడ నల్లమట్టి నేల, లోతు మరీ తక్కువ, అలలు మరీ నీరసం. నిలబడటం నేర్చుకునే పిల్లలకు బాగుంటుంది, అంతకు మించి ఆశించవద్దు.

ఇక లోపాలు. థర్మాకోల్ బోర్డుకు మన ఎండ శత్రువు. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లో అద్దాలు బిగించిన కారులో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి పైపొర ఉబ్బి దిమ్మ నుంచి ఊడిపోతుంది. నా బోర్డుకు పైన చిన్న ఇత్తడి మర ఉంది. ప్రయాణంలో అది విప్పి ఉంచాలి, నీళ్లలో దిగే ముందు బిగించాలి. బిగించడం మరిచిపోతే నీరు లోపలికి పోతుంది. రెండో లోపం అంటించిన ఫిన్‌లు. లోతు తక్కువైన తీరంలో చివరిదాకా నిలబడి వస్తే ఫిన్‌లు ఇసుకను తాకి వాటి మొదలు దగ్గర పగులు పడుతుంది. మోకాలి లోతు రాగానే వెనక్కి జారి నీళ్లలోకి దిగిపోవాలి.

పగులు వచ్చిందంటే ఆటోనగర్ ఉంది కదా అని నేరుగా ఫైబర్ షెడ్డుకు తీసుకెళ్లకండి. మా దగ్గర డ్రమ్ముల్లో ఉండేది పాలిస్టర్ రెజిన్. అందులోని స్టైరీన్ థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. పగులు ఉన్న చోట చూస్తుండగానే గుంట పడుతుంది. థర్మాకోల్ బోర్డుకు ఎపాక్సీ మాత్రమే వాడాలి. మీ బోర్డు లోపల ఏముందో తెలియకపోతే పగులు దగ్గర రాలిన తెల్లటి ముక్కను ఒకటి తీసి పాలిస్టర్ రెజిన్ చుక్కలో వేసి చూడండి. కరిగితే థర్మాకోల్, అలాగే ఉంటే పాలీయూరిథేన్ అనే మరో రకం ఫోమ్. ముందుగా మంచినీళ్లతో కడిగి, పగులు కిందికి ఉండేలా నీడలో నిలబెట్టి, నీటి చుక్క రావడం ఆగాక కూడా ఇంకొన్ని రోజులు ఆరనివ్వండి. తడి మీద వేసిన గ్లాస్ గుడ్డ నిలవదు. తరువాత గరుకు కాగితంతో చుట్టూ రెండు అంగుళాల మేర రుద్ది, రెండు పొరల గుడ్డ వేయండి. రెండో పొర మొదటిదాని కంటే పెద్దదిగా ఉండాలి. మంచి పనివాడైతే గంటలో పూర్తి చేస్తాడు, ఎపాక్సీ మాత్రం మీరే కొని ఇవ్వండి.

ఎప్పుడు వెళ్లాలంటే, తెల్లవారుజామున. నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీస్తున్నంతసేపే అల ముఖం నున్నగా ఉంటుంది. ఎండ ఎక్కి సముద్రపు గాలి మొదలయ్యాక అంతా చిందరవందర. కార్తీక మాసంలో, సెలవు రోజుల్లో స్నానాలకు వచ్చే జనం మధ్య బోర్డు వేయకండి. ఈ బోర్డు బరువు తక్కువే అయినా తోక అంచు పదును, పిల్లల తలకు తగిలితే ప్రమాదం. బోర్డును కాలికి కట్టే తాడు తప్పనిసరి. సూర్యలంకలో మనుషులు మునిగిపోవడం మనందరికీ తెలిసిందే. రెండు ఇసుక గట్ల నడుమ అలలు విరగకుండా నీరు నున్నగా కనిపించే దారి చూసి ప్రశాంతంగా ఉందనుకుంటారు, అదే లోపలికి లాగే ప్రవాహం. అందులో పడితే బోర్డును వదలకుండా పట్టుకుని ఒడ్డుకు సమాంతరంగా పక్కకు బారలు వేయండి. పోలీసులు తీరం మూసిన రోజు, తుఫాను హెచ్చరిక ఉన్న రోజు ఇంట్లోనే ఉండండి. ఈత బాగా రాని వారు ముందు గాంధీనగర్ సర్ విజ్జీ ఈతకొలనులో ఈత నేర్చుకుని, తరువాత బోర్డు గురించి ఆలోచించండి.

బొత్తిగా కొత్తవారికి ఇది మొదటి బోర్డుగా ఇవ్వను. 7 నుంచి 8 అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు మీద లేవడం వచ్చాక దీనికి రండి. అల ముఖం మీద పక్కకు సాగడం కాస్త అలవాటై, మన తీరపు అలలు చాలడం లేదని దిగులుపడుతున్న వారికి మాత్రం నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. 70 కిలోల లోపు వారికి ఈ కొలతలు సరిపోతాయి. 80 దాటితే 5 అడుగుల 8 అంగుళాల పొడవు, 23 అంగుళాల వెడల్పు అడగండి. నేను ఇప్పుడు ఇదే రూపురేఖలతో ఇంకొకటి మా షెడ్డులోనే మొదలుపెట్టాను. థర్మాకోల్ దిమ్మ వచ్చింది. ఈసారి ఫిన్‌లు ఊడదీసే రకం పెడుతున్నాను, నిలబడే చోట ఒక పొర గుడ్డ అదనంగా వేస్తున్నాను, తోక అంచును మాత్రం ఉన్నది ఉన్నట్టుగా దించుతున్నాను.