ముస్తఫా గేమ్ బోర్డుకి ప్రాణం పోసిన కోఠి షాపు, ఏడు వారాల తర్వాత

ముందే చెప్తున్నా, పని ఫస్ట్ క్లాస్, టైమ్ మాత్రం ఘోరం. రిపేర్ చేసినతను మూడు వారాలన్నాడు, ఏడు వారాలు పట్టింది. ఫోన్ చేస్తే ఎత్తడు, మనమే వెళ్లి స్టూల్ మీద కూర్చోవాలి. ఇది భరించగలిగితేనే మిగతాది చదవండి.

బోర్డు, అంటే వీడియో గేమ్ మెషిన్ లోపల ఉండే సర్క్యూట్ బోర్డు, మా బాబాయిది. తొంభైల్లో గుంటూరులో ఆయనకి చిన్న వీడియో గేమ్ షాపు ఉండేది, నాలుగు మెషిన్లు, రూపాయి బిళ్ళకి ఒక ఆట. అందులో అందరూ ఎగబడేది ముస్తఫా గేమ్ కోసం. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ వాళ్ళు 1993లో తెచ్చారు. నలుగురు హీరోల్లో పసుపు టోపీ వాడి పేరు ముస్తఫా, మనవాళ్ళు గేమ్‌కే ఆ పేరు పెట్టేశారు. ఇంగ్లీషు పేరు చెప్తే ఇప్పటికీ ఎవరికీ తెలీదు, ముస్తఫా అంటే మాత్రం నలభై దాటిన ప్రతి వాడి మొహం వెలిగిపోతుంది.

షాపు మూసేశాక మెషిన్లు పాత సామాన్ల వాడికి పోయాయి, ఈ ఒక్క బోర్డు మాత్రం గోనెసంచిలో చుట్టి అటక మీద ఉండిపోయింది. పోయిన సంక్రాంతికి దించి హైదరాబాద్ తెచ్చుకున్నా. ఆన్ చేస్తే బొమ్మ వచ్చింది కానీ మనుషుల మీద నిలువు గీతలు, ఒక్కోసారి స్క్రీన్ అంతా పిచ్చి గీతలతో ఆగిపోవడం, సౌండ్ అసలు లేదు. మొదట ఇంటి దగ్గర టీవీలు బాగుచేసే ఒక చోట ఇచ్చా, అది నా తప్పే. వాళ్ళు ఏదీ కొలవకుండా ర్యామ్ చిప్ పోయుంటుందని సోల్డరింగ్ ఐరన్ పెట్టి లాగి, చిప్‌తో పాటు బోర్డు మీది రెండు ట్రాకులు (రాగి గీతలు) కూడా లేపేశారు, పైగా ఐదొందలు తీసుకున్నారు.

తర్వాత ఒక ఫ్రెండ్ చెప్తే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లా. ఆ గల్లీలో ఐసీలు (అంటే చిప్పులు), కెపాసిటర్లు కొన్నవాళ్ళందరికీ తెలిసిన సందడే, కింద విడిభాగాల కొట్లు, మెట్లెక్కితే పైన ఈ రిపేర్ మనిషి గది. బయట నేమ్ బోర్డు లేదు, పేరూ రాసి లేదు. యాభై పైబడిన మనిషి, గోడకి ఆనించిన పాత సీఆర్‌టీ టీవీ, బెంచీ మీద ఒకే ఒక్క మంచి సోల్డరింగ్ స్టేషన్. ఆ టీవీ ఎందుకంటే ఈ బోర్డుల వీడియో 15 కిలోహెర్ట్జ్‌లో వస్తుంది, మన కంప్యూటర్ మానిటర్లలో చాలావాటికి ఎక్కదు.

బోర్డు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇది ఒరిజినల్ కాదు తమ్మీ, కాపీ బోర్డు, అయినా పర్లేదు" అన్నాడు. నాకు కొంచెం గుచ్చుకుంది, నిజమే అయినా. ఒరిజినల్‌లో సౌండ్‌కి క్యూసౌండ్ అని వేరే సిస్టమ్ ఉంటుందట, దాన్ని నడిపే చిప్‌లోని గుట్టు ఒక బ్యాటరీ మీద ఆధారపడి ఉంటుంది, బ్యాటరీ చస్తే సౌండ్ గోవిందా. కాపీ బోర్డులో ఆ గోల లేదు, ముప్పై ఏళ్ళ తర్వాత అదే మనకి కలిసొచ్చింది.

నేను చిప్పుల గురించి అడుగుతుంటే "ముందు పవర్ చూద్దాం, చిప్పుల సంగతి తర్వాత" అని మల్టీమీటర్ తీశాడు. నాకు ఇతను నచ్చింది అక్కడే. బోర్డుకి కరెంటు ఇచ్చే డబ్బా, అదే ఎస్‌ఎంపీఎస్, దాని దగ్గర 5.05 వోల్టులు, బోర్డు మీద చిప్ కాలి దగ్గర పెడితే 4.6. ఈ కాలం నాటి ఐసీలకి 4.75 కన్నా తగ్గకూడదు. మధ్యలో ఎక్కడ పోయిందంటే సన్న వైర్లలో, బోర్డుని మెషిన్ వైర్లకి కలిపే జమ్మా కనెక్టర్‌లో. బోర్డు అంచున రెండు వైపులా కలిపి 56 రాగి పట్టీలు ఉంటాయి, అందులో ఐదు వోల్టులవి నల్లబడి ఉన్నాయి. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, కరెంటుకి లావు వైరు మార్చాడు, అంతే, ఆగిపోవడం ఆగిపోయింది. ఒక్క చిప్ కూడా పీకలేదు!

గీతలకి మాత్రం పని పట్టింది. గ్రాఫిక్స్ అంతా ఒకే చిప్‌లో ఉండదు, చాలా ఈప్రామ్‌లలో (డేటా రాసి ఉంచే చిప్పులు) ముక్కలుగా ఉంటుంది, ఒకటి తప్పు చదివితే బొమ్మ మీద ఇలా గీతలు పడతాయి. ఒక్కొక్కటి బేస్‌లోంచి తీసి ప్రోగ్రామర్ అనే మెషిన్‌లో చదివి, సరైన డేటాతో పోల్చాడు. ఒకదాని పైనున్న చిన్న గాజు కిటికీ మీద స్టిక్కర్ ఊడిపోయి ఉంది. ఈప్రామ్‌ని చెరపడానికి వాడేదే అల్ట్రావయొలెట్ కాంతి, అందుకే ఆ కిటికీ ఎప్పుడూ మూసి ఉంచాలట. దాని బదులు కొత్తది రాసి పెట్టాడు, మిగతా వాటి తుప్పు కాళ్ళు గీకి మళ్ళీ గుచ్చాడు.

టీవీ షాపు వాళ్ళు పెట్టిన గాయం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. చచ్చిన చిప్ అయితే కాళ్ళు కత్తిరించేసి ఒక్కో కాలు విడిగా పంపుతో లాగాలి కానీ చిప్ మొత్తాన్ని పీకకూడదు అని చూపించాడు, చిప్ ఎలాగూ పోయిందే, బోర్డుని ఎందుకు చంపుతారు అన్నాడు. లేచిన ట్రాకుల చోట సన్న వైరుతో జంపర్లు వేసి, ర్యామ్‌కి ఐసీ బేస్ పెట్టి కొత్తది గుచ్చాడు. విచిత్రం ఏంటంటే వాళ్ళు పీకిన పాత ర్యామ్‌ని టెస్టర్‌లో పెడితే బాగానే ఉంది. సౌండ్ అయితే యాంప్లిఫయర్ దగ్గర ఎండిపోయిన రెండు కెపాసిటర్లే, పది నిమిషాల పని.

మొత్తం 2,800 అయింది, విడిభాగాలతో కలిపి. పాత గేములు ఆడించే కొత్త ఎమ్యులేటర్ బాక్స్ ఇంతకన్నా చవగ్గా వస్తుందని మా ఆవిడ అంది, నిజమే, కానీ దాంట్లో బాబాయి షాపు లేదు కదా. బిల్లు ఇవ్వడు, కాగితం మీద ఏం మార్చాడో రాసిస్తాడు, చేతిరాత మందుల చీటీలా ఉంటుంది. పీకిన పాత చిప్పులన్నీ చిన్న కవర్‌లో వేసి తిరిగిచ్చాడు, ఇలా ఎవరూ ఇవ్వరు. ఆలస్యం ఎందుకంటే ఆ ఈప్రామ్ దొరకలేదన్నాడు, అది రెండు వారాల సంగతి, మిగతా రెండు వారాలకి జవాబు లేదు.

ఇంకో మాట, వెళ్లేటప్పుడు బోర్డు ఒక్కటే కాదు, ఎస్‌ఎంపీఎస్, వైర్లు అన్నీ తీసుకెళ్లండి. నేను బోర్డు మాత్రమే పట్టుకెళ్లి ఒక ట్రిప్పు అనవసరంగా తిరిగా, ఆ ఎండలో.

ముగ్గురు కలిసి ఆడే గేమ్ ఇది, జమ్మాలో ఇద్దరికే చోటు, మూడో వాడికి బోర్డు మీద వేరే కనెక్టర్ ఉంటుంది. దాని వైరింగ్‌కి విడిగా మూడొందలు తీసుకున్నాడు, కానీ మూడో ప్లేయర్ జంప్ బటన్ ఇప్పటికీ పని చెయ్యట్లేదు. తీసుకురా చూస్తా అన్నాడు. పోయిన ఆదివారం బాబాయి వచ్చినప్పుడు ఆ జంప్ లేని వాడిని నాకిచ్చి, ముస్తఫాని ఆయనే తీసుకున్నాడు.