ల్యాబ్‌కి ఖనిజాలు: కొన్న పెట్టెనా, సైదాపురం రాళ్లా?

ఖర్చు: పెట్టెను కొనాలి. గూడూరు, సైదాపురం అభ్రకం గనుల పక్క గుట్టల్లో రాళ్లకు బస్సు ఛార్జీ చాలు, గని వాళ్లు సరేనంటే.

శ్రమ: పెట్టెలో ప్రతి ముక్కకీ చీటీ ఉంటుంది. నా దృష్టిలో అదే దాని లోపం, పిల్లలు రాయిని వదిలేసి చీటీ చదువుతారు. ఏరి తెచ్చినదాన్ని పరీక్షించక తప్పదు. అభ్రకం పొరలుగా ఊడొస్తుంది, సులువే. ఫెల్డ్‌స్పార్ (మోస్ స్కేలులో, అంటే 1 నుంచి 10 దాకా లెక్కలో, కాఠిన్యం 6), పలుగురాయి (7) మాత్రం రెండూ గాజును గీస్తాయి. అక్కడ విరిగిన ముఖం చూడాలి: ఫెల్డ్‌స్పార్‌ది చదును, పలుగురాయిది గాజుపెంకు వంపు.

మ్యాపు: ఇక్కడ పెట్టె పనికిరాదు. రాయి దొరికిన చోటు 1:50,000 టోపోషీట్‌లో (నేల ఎత్తులు గీసిన పటంలో) గుర్తిస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. అదే చోటు భూగర్భ పటంలో చూస్తే నెల్లూరు షిస్ట్ బెల్ట్ (పొరలుగా చీలే షిస్ట్ శిలల పట్టీ) కనిపిస్తుంది, ఆ షిస్ట్‌లోకి చొచ్చుకొచ్చిన పెగ్మటైట్‌లోదే (పెద్ద పెద్ద స్ఫటికాలున్న శిలలోదే) మన అభ్రకం.

రిస్క్: పాత గోతుల్లో నీళ్లు, జారే అంచులు. పెట్టెకు ఆ బెడద లేదు.

ప్రాక్టికల్స్ దగ్గరపడితే, యాసిడ్ చుక్కకు నురగలొచ్చే కాల్సైట్ చూపాలంటే పెట్టె కొనండి. సెమిస్టర్ మొదట్లో, వెంట పెద్దవాళ్లుంటే గుట్టలకే వెళ్లండి. చీమకుర్తి గెలాక్సీ (మెరిసే చుక్కలున్న నల్ల రాయి) ముక్క తెస్తే ఖనిజాల అరలో పెట్టకండి, అది శిల, అంటే ఖనిజాల కలయిక. అందులో మెరిసే చుక్కలే ఖనిజం, బ్రాంజైట్.