పాత ఫ్రెంచి సొరుగుల బల్లతో కాపురం

మ్యూజియంలో అడ్డంగా తాడు కట్టి చూపించే వస్తువును ఇంట్లో రోజూ వాడుకోవచ్చా? నిక్షేపంగా వాడుకోవచ్చు, హీటరును అదుపులో ఉంచగలిగితే.

లియోన్‌లోని మా ఇంట్లో ఉన్నది 18వ శతాబ్దం చివరి కాలపు మార్కెట్రీ బల్ల, అంటే పలుచని రంగురంగుల చెక్కముక్కలు అతికించి పూల బొమ్మలు తీర్చినది. మూడు సొరుగులు, పైన పాలరాయి. ఇద్దరం పట్టి ఆ రాయి ఎత్తితే కింద ఓక్ చెక్కలో ‘జేఎంఈ’ ముద్ర కనిపిస్తుంది. పారిస్ వడ్రంగుల సంఘం పెద్దలు తనిఖీ చేసి వేసే గుర్తు అది. దాని పక్కన ఉండవలసిన పనివాడి పేరు చెరిగిపోయింది. ఆ సంఘాలు 1791లో రద్దయ్యాయి, కాబట్టి ముద్ర నిజమైతే బల్ల అంతకు ముందుదే. అయితే దొంగ ముద్రలకూ కొదవ లేదు కాబట్టి, నేను ముద్ర కన్నా సొరుగుల అడుగునున్న చిత్రిక గీతలను, ఓక్ మీద అతికించిన పలుచని చెక్క పైపొర మందాన్ని ఎక్కువ నమ్మాను.

ఆ మందంలోనే ఉంది అసలు సంగతి. అప్పట్లో పొరలను చేతి రంపంతో కోసేవారు, మిల్లీమీటరు దాటి ఉండేవి. ఇప్పటి యంత్రపు పొర సుమారు 0.6 మిల్లీమీటర్లే. అందుకే నాలుగు తరాలు గీకి పాలిష్ చేసినా మా బల్ల మీది పూలు నిలిచాయి. పూరేకుల నీడ రంగు కాదు; చెక్కముక్కల అంచులను వేడి ఇసుకలో ముంచి కమిలించారు. అదే శతాబ్దంలో మన విశాఖపట్నం పనివాళ్లు దంతం మీద గీతలు చెక్కి నల్ల లక్క నింపేవారు. పక్కపక్కన పెడితే ఎవరిది గొప్పో నేను తేల్చలేను.

ఇక కష్టాలు. చలికాలంలో హీటరు గాలి పొడిబారితే లోపలి ఓక్ ముడుచుకుంటుంది, పైపొర లేస్తుంది. మాకూ ఒక మూల లేచింది. మరమ్మతుకు వచ్చినాయన కాస్త తడి, కాస్త వేడి తగిలించి, బిగించి వెళ్లాడు. జంతువుల తోలు నుంచి తీసిన ఆ పాత జిగురు మళ్లీ మెత్తబడి పట్టుకుంది. ఇలాంటి వస్తువుకు ఆధునిక జిగురు పూయనివ్వకండి, తర్వాత విప్పడం నరకం. గదిలో తేమ 50 శాతం దగ్గర ఉంచితే చాలు.

ఎండ మరో శత్రువు. పిడి విప్పి చూస్తే దాని కింద చెక్క ఇంకా గులాబీ రంగులోనే ఉంది, బయట అంతా తేనె రంగుకు తిరిగింది. పిడులకు బంగారు పూత ఉంటే ఇత్తడి తోమే ముద్ద వాడకండి, పూత కూడా పోతుంది. వానాకాలంలో సొరుగులు బిగుస్తాయి, తేనెమైనం రుద్దాలి. చున్నీ పిడికి తగులుకోవడానికి మాత్రం మందు లేదు.

వెర్సాయి రాజభవనంలోని రాజుగారి రాతబల్లను ఓబెన్ అనే పేరున్న వడ్రంగి 1760లో మొదలుపెడితే, రీసెనర్ అనే మరో వడ్రంగి 1769లో ముగించాడు. ఇద్దరూ జర్మనీలో పుట్టినవాళ్లే! ఆ స్థాయి పేర్లు వెతకకుండా, పేరు చెరిగిన మంచి పనిని పట్టుకోవడమే సామాన్యుడికి లాభం. నేల కింద వేడి గొట్టాలున్న కొత్త ఫ్లాట్లవాళ్లు మాత్రం ఈ ఆశ మానుకోవాలి.